మన హాకీ జట్టు ఓడిపోతున్న రోజుల్లో ఆడినవాళ్లలో మీకు ఎవరు గుర్తున్నారు?

కాజీపేట_కుర్రాడు:

టోక్యోలో కాంస్యం వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో కూడా హాకీ మాటలు వినబడుతున్నాయి. చాలా సంతోషం. మా అక్క కొడుకు శ్రీజేష్, హర్మన్‌ప్రీత్, మన్‌ప్రీత్ పేర్లు గడగడా చెప్పేస్తాడు. కానీ వాడి లెక్కలో మన హాకీ అంటే ముందు ధ్యాన్‌చంద్, తర్వాత 1980 మాస్కో స్వర్ణం, ఆ తర్వాత నేరుగా 2021. మధ్యలో 41 ఏళ్ల పాటు ఎవరూ స్టిక్ పట్టుకోనట్టే మాట్లాడతాడు.

నేను హాకీ చూసిందంతా ఆ మధ్యలోనే. బార్సిలోనాలో 7వ స్థానం, అట్లాంటాలో 8, సిడ్నీలో 7, ఏథెన్స్‌లో మళ్లీ 7. 2008లో శాంటియాగోలో బ్రిటన్ చేతిలో 2-0తో ఓడి బీజింగ్‌కి అర్హతే సాధించలేదు. లండన్‌లో ఆడిన ఆరు మ్యాచ్‌లూ ఓడి 12కి 12వ స్థానం. రైల్వే కాలనీలో మేం హాకీ ఆడుతుంటే పెద్దవాళ్లు "క్రికెట్ ఆడుకోవచ్చు కదరా" అనేవాళ్లు. ఆ రోజుల్లో నా గోడ మీద ఉన్న ఒకే ఒక్క ఫొటో ముఖేష్ కుమార్‌ది, పేపర్లో వస్తే కత్తిరించి అతికించుకున్నాను. మన హైదరాబాద్ మనిషి. 1992, 96, 2000, వరుసగా మూడు ఒలింపిక్స్ ఆడాడు. ఒక్క పతకమూ లేదు. 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు, అది కూడా 32 ఏళ్ల తర్వాత వచ్చిన స్వర్ణం. అర్జున, పద్మశ్రీ రెండూ వచ్చాయి. అయినా ఈరోజు సికింద్రాబాద్ స్టేషన్ ముందు నిలబడి పదిమందిని అడిగితే ఎంతమందికి తెలుస్తుంది?

సిడ్నీలో పోలండ్ మ్యాచ్ గుర్తున్నవాళ్లు ఉన్నారా? గెలిస్తే సెమీస్. 1-0తో ముందున్నాం. ఇంకో రెండు నిమిషాలు కూడా లేవు, పోలండ్ గోల్ కొట్టేసింది. అదే టోర్నీలో ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డ మీదే 2-2తో ఆపిన జట్టది. స్పెయిన్‌ని కూడా ఓడించింది. అందుకే ఆ ఆటగాళ్లని "ఓడిపోయే బ్యాచ్" అంటే నాకు కోపం వస్తుంది. మీకు గుర్తున్న పేర్లు చెప్పండి. కెప్టెన్లూ, ధనరాజ్ లాంటివాళ్లూ వద్దు, వాళ్ల గురించి అందరూ రాశారు.

*

పాత_గోలీ:

తమ్ముడూ, నేను యూనివర్సిటీ జట్టుకి గోల్‌కీపింగ్ చేశాను కాబట్టి నా మనసు అటే పోతుంది. బల్జీత్ సింగ్.

2009 జూలై, పుణె బాలేవాడిలో శిక్షణ శిబిరం. గోల్‌కీపర్ల రిఫ్లెక్సులు పెరగడానికి చిన్న బంతులతో ప్రాక్టీస్ చేయిస్తారు. టెన్నిస్ బంతి, గోల్ఫ్ బంతి, ఏది దొరికితే అది. మేం కూడా చేసేవాళ్లం. చిన్న బంతికి అలవాటు పడితే మ్యాచ్‌లో హాకీ బంతి పెద్దగా, నెమ్మదిగా కనిపిస్తుందని నమ్మకం. ఆ రోజు గోల్ఫ్ బంతి హెల్మెట్ కమ్మీల మధ్య నుంచి దూరి బల్జీత్ కుడి కంటికి తగిలింది. ఆ కన్ను పోయింది, దానితో పాటే అంతర్జాతీయ ఆటా పోయింది.

ఆ హెల్మెట్ ఎలా ఉంటుందో తెలియనివాళ్లకి చెబుతాను. ముఖం ముందు ఇనప కమ్మీలుంటాయి. వాటి మధ్య ఖాళీ హాకీ బంతిని దృష్టిలో పెట్టుకుని వదిలింది. హాకీ బంతి అడ్డంగా 7 సెంటీమీటర్ల పైనే ఉంటుంది. గోల్ఫ్ బంతి నాలుగున్నర కూడా ఉండదు. అంటే అతను పెట్టుకున్న రక్షణ ఆ బంతి కోసం చేసింది కాదు. ఈ సంగతి విన్న రోజు నేను నా పాత హెల్మెట్ తీసి కమ్మీల మధ్య వేళ్లు పెట్టి చూశాను. రెండు వేళ్లు సులువుగా దూరాయి.

పతకాలు లేని రోజుల్లో సౌకర్యాలూ అంతంత మాత్రమే. దేశం కోసం ఆడేవాడికి కూడా దేనితో ప్రాక్టీస్ చేయించాలో, ఏ జాగ్రత్త తీసుకోవాలో ఆలోచించిన మనిషి లేడు. బల్జీత్ ఏ మ్యాచ్‌లోనూ తప్పు చేయలేదు, తనకి చెప్పిన చోట నిలబడ్డాడు. టోక్యోలో మన గోల్‌కీపర్ శ్రీజేష్ గోల్‌పోస్ట్ మీద కూర్చున్న ఫొటో చూసినప్పుడల్లా నాకు ఇతను గుర్తొస్తాడు.

*

ఫస్ట్_రషర్_వరంగల్:

జుగ్‌రాజ్ సింగ్. ఇప్పుడు ఆ పేరు వెతికితే ఈ తరం డ్రాగ్ ఫ్లికర్ (బంతిని స్టిక్‌తో ఈడ్చి గోల్‌లోకి విసిరేవాడు) వస్తున్నాడు. అతను కాదు, నేను చెప్పేది 2001లో హోబర్ట్‌లో జూనియర్ ప్రపంచకప్ గెలిచిన జట్టులోని జుగ్‌రాజ్. ఫైనల్లో అర్జెంటీనాని 6-1తో కొట్టిన జట్టు. దీపక్ ఠాకూర్, గగన్ అజిత్, వీళ్లంతా ఆ బ్యాచే.

అందరూ అతని డ్రాగ్ ఫ్లిక్ గురించి చెబుతారు. నేను మాత్రం అతని రషింగ్ చూసి నేర్చుకున్నవాడిని. పెనాల్టీ కార్నర్ (గోల్ దగ్గర మనవాళ్లు తప్పు చేస్తే ఎదుటి జట్టుకి దొరికే షాట్) ఇచ్చినప్పుడు గోల్ లైన్ నుంచి బయటికి దూసుకెళ్లే మొదటి మనిషి పని ఏమిటంటే, ఫ్లికర్ స్టిక్‌కీ గోల్‌కీ మధ్య తన ఒంటిని పెట్టడం. బంతి గంటకి వంద కిలోమీటర్ల పైన వస్తుంది. ఎదురెళ్లేవాడు కళ్లు మూసుకుంటే పని అయిపోయినట్టే. జుగ్‌రాజ్ తల వంచకుండా, స్టిక్ నేలకి ఆనించి, ఫ్లికర్ కుడివైపు దారి మూసేస్తూ పోయేవాడు. నేను జిల్లా స్థాయిలో అలా పరిగెత్తి మోకాలి చిప్ప మీద ఒకటి తిన్నాను. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది.

2003 ఆగస్టులో ఆమ్‌స్టల్‌వీన్‌లో పాకిస్తాన్‌ని 7-4తో ఓడించాం. మరుసటి నెలే జుగ్‌రాజ్‌కి కారు ప్రమాదం. అప్పటికి అతనికి 20 ఏళ్లు. తర్వాత కొన్ని వారాలకే మనవాళ్లు కౌలాలంపూర్‌లో తొలిసారి ఆసియా కప్ గెలిచారు, అతను లేకుండానే. ఏథెన్స్‌కి కూడా వెళ్లలేకపోయాడు. అతను ఉంటే ఏథెన్స్‌లో పతకం వచ్చేదని నేను అనను. కానీ 7వ స్థానం అయితే కాదు. దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను.

*

తిరుపతి_అమ్మాయి:

అందరూ మగవాళ్ల పేర్లే చెబుతున్నారు. రజని ఎతిమరపు పేరు ఎవరూ ఎత్తరేం?

మా చిత్తూరు జిల్లా పల్లెటూరి పిల్ల. గోల్‌కీపర్. 2016లో మన అమ్మాయిలు 36 ఏళ్ల తర్వాత ఒలింపిక్స్‌కి వెళ్లారు. రియోలో జపాన్‌తో 2-2 డ్రా తప్ప అన్నీ ఓటములే, చివరి స్థానం. రజని ఆ జట్టుకి రిజర్వ్. రిజర్వ్ అంటే ఏమిటో తెలుసా? ఎవరికైనా దెబ్బ తగిలితే తప్ప జట్టులోకి రానివ్వరు. శిబిరంలో అందరితో సమానంగా చెమటోడ్చాలి. తెల్లవారుజామున లేచి, అంత బరువున్న ప్యాడ్లు కట్టుకుని, వందల షాట్లు ఆపాలి. మ్యాచ్ రోజు మాత్రం బయట ఉండాలి. టోక్యోలోనూ అదే కథ. మొదటి కీపర్ సవిత అద్భుతమైన కీపర్, అందులో రెండో మాట లేదు. కానీ సవితకి పక్కనే పోటీగా నిలబడి, పదేళ్లకు పైగా జాతీయ శిబిరం వదలని మనిషి రజని. 2017లో ఆసియా కప్ గెలిచిన జట్టులో ఉంది. 2024 జనవరిలో మస్కట్‌లో హాకీ ఫైవ్స్ (జట్టుకి ఐదుగురే ఆడే హాకీ) తొలి ప్రపంచకప్ జరిగితే మన జట్టు కెప్టెన్ తనే, రజతం తెచ్చింది.

మా స్కూల్లో హాకీ స్టిక్‌లు ఉండేవి కావు. పీఈటీ సార్ కర్రలు చెక్కించి ఇచ్చేవారు. ఆ జిల్లా నుంచి ఒకమ్మాయి ఇండియా జెర్సీ వేసుకుందంటే నాకు అది పతకం కన్నా తక్కువేం కాదు.

*

కాజీపేట_కుర్రాడు:

మేడమ్, రజని గారి పేరు చెప్పినందుకు చాలా థ్యాంక్స్. మస్కట్ సంగతి మా అక్క కొడుక్కి ఇప్పుడే పంపాను.

పాత_గోలీ అన్నా, కమ్మీల సంగతి చదివాక కాసేపు ఏమీ తోచలేదు.

ఇంకో మాట చెప్పాలి. లండన్‌లో 12వ స్థానం వచ్చిన జట్టులో శ్రీజేష్ ఉన్నాడు, మన్‌ప్రీత్ ఉన్నాడు, బీరేంద్ర లక్రా ఉన్నాడు. ఆ ముగ్గురే తొమ్మిదేళ్ల తర్వాత టోక్యోలో మెడలో పతకం వేసుకున్నారు. లండన్‌లో ఫార్వర్డ్‌గా ఆడిన శివేంద్ర సింగ్ టోక్యో జట్టుకి కోచింగ్ బృందంలో ఉన్నాడు. అంటే ఆ ఓడిన జట్టు వృథాగా పోలేదు, టోక్యో జట్టులో కొందరు అక్కడే తయారయ్యారు. ఆరు మ్యాచ్‌లు ఓడి ఇంటికొచ్చాక మళ్లీ పొద్దున్నే టర్ఫ్ మీదికి వెళ్లడానికి ఎంత గుండె కావాలి!

*

గచ్చిబౌలి_స్టాండ్స్:

ఆలస్యంగా వచ్చాను, నాదీ ఒక పేరు: ఇగ్నేస్ టిర్కీ. ఏథెన్స్ ఆడాడు, బీజింగ్ దక్కలేదు, లండన్ ఆడాడు. మధ్యలో వచ్చిన ప్రతి కొత్త కోచ్‌నీ భరించాడు.

2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి సీజన్ గచ్చిబౌలిలోనే జరిగింది, మన హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది. మ్యాచ్ ముందు టర్ఫ్‌కి నీళ్లు కొట్టేవాళ్లు. బంతిని గట్టిగా కొడితే వెనకాలే నీళ్లు జల్లుగా లేచేవి. టీవీలో ఇది సరిగ్గా కనబడదు. కంచె దగ్గర నిలబడితే డిఫెండర్లు ఒకరినొకరు పిలుచుకునే కేకలు కూడా వినబడేవి. ఓడిపోయే జట్టని పేరుపడ్డ ఆటగాళ్లని అంత దగ్గర నుంచి చూశాక నేను మళ్లీ ఎవరి స్కోరూ చూసి ఆటగాడిని తూచలేదు.

వరంగల్ అన్నా, జుగ్‌రాజ్ విషయంలో మీతో నేను వాదించను. ఏథెన్స్ గురించి నాదీ అదే మాట.