'సెట్' అన్న పొట్టి మాటకు ఇన్ని అర్థాలు ఎక్కడివి?

'సెట్' అనే ఇంగ్లిషు మాటకు నిఘంటువులో పుటల కొద్దీ అర్థాలున్నాయి, వీటన్నిటినీ ఎలా గుర్తుపెట్టుకోవాలి అని ఒక మిత్రుడు అడిగారు. గుర్తుపెట్టుకోనక్కర్లేదన్నది నా సమాధానం. వేరు తెలిస్తే చాలా అర్థాలు వాటంతట అవే దారికి వస్తాయి.

ముందు లెక్కల సంగతి ముగించేస్తాను. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన వివరణ ఈ మాటదే. దాదాపు 60,000 పదాలు, 430 దాకా అర్థాలు. ఆ తర్వాత 'రన్' దీన్ని దాటేసింది. 2011 నాటికి క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయి. ఆ ఒక్క మాటను సవరించడానికి పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ ఓపికకు చేతులెత్తి నమస్కరించాల్సిందే. అయితే ఒక అర్థం ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో గీత గీసేది నిఘంటుకారుడే కాబట్టి, ఈ అంకెలకు నేను అంత విలువ ఇవ్వను. ఒక అర్థంలోంచి మరొకటి ఎలా పుట్టిందన్నదే అసలు విషయం.

పాత ఇంగ్లిషులో కూర్చోవడానికి 'సిట్టన్', కూర్చోబెట్టడానికి 'సెట్టన్' అనేవారు. తెలుగులో కూలు, కూల్చు ఎలాగో ఇదీ అలాంటి జంటే. ఇంగ్లిషులో ఈ రకం జంటలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. చెట్టు కూలితే 'ఫాల్', దాన్ని నరికి కూల్చితే 'ఫెల్'. కాబట్టి 'సెట్' అంటే మొదట కూర్చోబెట్టడం, అంటే దేన్నైనా ఉండాల్సిన చోట కుదురుగా ఉంచడం. మన 'పెట్టు' దీనితో చాలా దూరం కలిసి నడుస్తుంది. అలారం పెడతాం, గడువు పెడతాం, షరతు పెడతాం, నిప్పు పెడతాం. ఈ అన్నిచోట్లా ఇంగ్లిషువారు వాడేది 'సెట్'.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మరో పోలిక. ఉంగరంలో రాయిని బిగించడం 'సెట్' చేయడమే, కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టడం కూడా 'సెట్' చేయడమే. తెలుగులోనూ ఈ రెండు పనులకూ ఒకటే క్రియ ఉంది: పొదగడం. కిరీటంలో రత్నాలు పొదుగుతారు, కోడి గుడ్లను పొదుగుతుంది. రెండు భాషలూ ఒకే చోటికి వచ్చాయి కానీ, వచ్చిన దారులు వేరు. ఇంగ్లిషులో రాయికి సాటి కోడి, ఎందుకంటే రెండింటినీ కూర్చోబెడతారు. తెలుగులో రాయికి సాటి గుడ్డు. లోహపు అంచు రాయిని చుట్టి పట్టుకున్నట్టే కోడి గుడ్లను కప్పి పట్టుకుంటుంది. ఇంగ్లిషు చూపు కూర్చునేదాని మీద ఉంటే, మన చూపు ఒడిసిపట్టుకోవడం మీద ఉంది. ఇంత సున్నితమైన తేడా ఒక్క క్రియలో దొరకడం నాకు ఎంతో సంతోషం కలిగిస్తుంది.

కుదురుగా కూర్చున్నది కదలదు, కదలనిది బిగుసుకుంటుంది. సిమెంటు 'సెట్' కావడం అలా వచ్చిందే. చాలామంది దీన్ని ఆరిపోవడం అనుకుంటారు, అది సరికాదు. సిమెంటు నీటితో రసాయన చర్య జరిపి బిగుసుకుంటుంది, కాబట్టే నీళ్లలో కూడా గట్టిపడుతుంది. దవడ బిగించిన ముఖానికీ, మారని అభిప్రాయాలకూ ఇదే మాట. సూర్యుడు 'సెట్' కావడం వింతగా అనిపించవచ్చు. పాత ఇంగ్లిషులో సూర్యాస్తమయాన్ని 'సెట్ల్‌గాంగ్' అనేవారు. పీఠానికి వెళ్లడం అని దాని అర్థం. సూర్యుడు కూడా కూర్చోవడానికే వెళ్తున్నాడన్నమాట.

వడ్రంగుల వాడుక ఒకటి తప్పకుండా చెప్పాలి. రంపం పళ్లను దగ్గరగా చూడండి. ఒకటి కాస్త కుడికి, పక్కది కాస్త ఎడమకు వంగి ఉంటాయి. ఆ వంపు పేరు 'సెట్'. దానివల్ల కోత రేకు మందం కన్నా కొంచెం వెడల్పుగా పడి, రేకు చెక్కలో ఇరుక్కోకుండా ఆడుతుంది. పళ్లను అలా వంచడం కూడా 'సెట్' చేయడమే.

పక్కన చిన్న మాట చేరితే వచ్చే అర్థాలు బోలెడు. అన్నీ ఇక్కడ చెప్పను. 'సెట్ ఇన్' ఒక్కటి గమనించండి. కుళ్లు, నిస్పృహ, భయం, గడ్డు చలి, ఇలా వచ్చి తిష్ఠ వేసే చెడుకే దాన్ని ఎక్కువగా వాడతారు. ఆనందం 'సెట్ ఇన్' అయిందని రాస్తే ఇంగ్లిషు బాగా తెలిసినవారికి చెవిలో తేడా కొడుతుంది.

ఇక గుంపు అనే అర్థంలో వచ్చే నామవాచకం సంగతి. గణితంలో మనం సమితి అనేది, ఒకే రకం వస్తువుల సముదాయం అనేది, కలిసి తిరిగే మనుషుల బృందం అనేది. దీని పుట్టుక వేరు. ఒక మార్గాన్ని అనుసరించేవారు అనే అర్థమున్న లాటిన్ 'సెక్టా' పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చి 'సెట్' అయింది. మతశాఖను సూచించే 'సెక్ట్' కూడా ఆ వేరుదే. రెండు మాటల రూపం ఒకటైపోయాక అర్థాలు కూడా ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. సినిమా సెట్ మాత్రం అమర్చినది కాబట్టి మొదటి వేరుకే చెందుతుంది. కొత్త వాక్యంలో ఈ మాట ఎదురైతే, అక్కడ ఉన్నది గుంపా, అమరికా అని ముందు చూసుకోండి. గుంపు అయితే లాటిన్ వైపు, అమరిక అయితే కూర్చోబెట్టడం వైపు వెతకండి.