రాష్ట్రం లైసెన్సిచ్చిన గంజాయి షాపు కేంద్రానికి నేరమెలా అవుతుంది?

డెన్వర్‌వాసి:
అందరికీ నమస్కారం. నాకు గ్రీన్‌కార్డు వచ్చి నాలుగేళ్లయింది. వచ్చే ఏడాది సిటిజన్‌షిప్‌కి అప్లై చెయ్యాలి. మా వీధి చివర ఒక గంజాయి షాపుంది. గోడకి రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఫ్రేము కట్టి ఉంటుంది, బిల్లులో ట్యాక్సు పడుతుంది. కార్డు మాత్రం తీసుకోరు, అంతా క్యాషే. అందుకే మూలన ఒక ఏటీఎం పెట్టుకున్నారు. ఓనరు తెలిసినవాడు. శని, ఆదివారాల్లో స్టాకు లెక్కలు చూసిపెట్టమన్నాడు. నేను తాగను, అమ్మను, ఎక్సెల్ షీటేగా అనుకున్నా. ఎందుకైనా మంచిదని లాయరుకి చెప్తే ఫోన్లోనే కసిరినంత పని చేశాడు. అక్కడ జీతం తీసుకుంటే సిటిజన్‌షిప్‌కే ఎసరట.

మా కొలరాడో రాష్ట్రం 2012లో ఓటేసి మరీ దీన్ని చట్టబద్ధం చేసుకుంది. 2014 నుంచి షాపుల్లో అమ్ముతున్నారు. రాష్ట్రం ఒప్పుకున్నది కేంద్రానికి నేరమెలా అవుతుంది? నేరమే అయితే షాపు మూయించరేం?

గ్రూప్స్ అభ్యర్థి:
మన రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా ఉన్నాయి కదా. అమెరికాలో గంజాయి ఏ జాబితాలో ఉందో చూస్తే తేలిపోతుంది.

డేటన్ బాబాయి:
తిరకాసంతా అక్కడే ఉంది తమ్ముడూ. ఇక్కడ మూడు జాబితాల్లేవు. కేంద్రానికి కొన్ని పనులు రాసిచ్చి, మిగతావి రాష్ట్రాలకో ప్రజలకో వదిలేశారు. రాసిచ్చిన వాటిలో ‘రాష్ట్రాల మధ్య వాణిజ్యం’ అని ఒకటుంది. ఆ ముక్క ఎంతదూరం సాగుతుందన్నదే రెండొందల ఏళ్లుగా సుప్రీంకోర్టులో పంచాయితీ.

నేను లాయర్ని కాను, మెషీన్లు డిజైన్ చేసుకునేవాణ్ణి. మా అమ్మాయి లా చదివే రోజుల్లో రోజూ అన్నాల దగ్గర ఈ కేసులే. డెన్వర్ బాబూ, నీ షాపు గొడవకి మూలం మా ఊరి పక్క గోధుమ చేలో ఉంది.

ఒహాయో రాష్ట్రంలో మా డేటన్ దగ్గర రాస్కో ఫిల్బర్న్ అని ఒక రైతు. గోధుమ ధర పడిపోకుండా ఎవరు ఎన్నెకరాలు వెయ్యాలో 1938 చట్టం కింద కేంద్రం కోటా పెట్టింది. ఆయన వాటా 11.1 ఎకరాలు. ఆయన 23 వేశాడు. అదనంగా పండింది 239 బుషెళ్లు, మన లెక్కలో దాదాపు 65 క్వింటాళ్లు. బుషెల్‌కి 49 సెంట్ల చొప్పున 117 డాలర్ల 11 సెంట్లు జరిమానా వేశారు. ఆయన వాదనేమిటంటే, అది నా కోళ్లకీ, గొడ్లకీ, మా ఇంటి పిండికీ, విత్తనానికీ. రాష్ట్రం కాదు కదా నా గేటే దాటలేదు, ఇందులో వాణిజ్యమెక్కడిది అని.

1942లో కోర్టు ఏకగ్రీవంగా ఆయన మీదే తీర్పిచ్చింది. నువ్వు ఇంట్లో పండించుకుంటే బజార్లో కొనవు, నీలాంటి వాళ్లందరూ అదే చేస్తే దేశం మొత్తమ్మీద ధర కదులుతుంది, కాబట్టి కేంద్రం చెయ్యి పడుతుంది అంది. ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు మా నాన్న, లెవీ ధాన్యం గుర్తొచ్చాయి. రైతు గాదెలోకి తొంగిచూడటం మన తాసీల్దార్లకే తెలుసనుకునేవాణ్ణి!

అదే కోర్టు 1918లో బాలకార్మికుల చట్టాన్ని కొట్టేసింది. ఫ్యాక్టరీలో సరుకు తయారుచెయ్యడం వాణిజ్యం కాదు, అది రాష్ట్రం చూసుకోవాల్సిన సంగతి అని. అధ్యక్షుడు రూజ్వెల్ట్ జడ్జీల సంఖ్య పెంచుతానని మీదికొచ్చిన 1937లో ఆ ధోరణి తిరగబడింది.

ఇప్పుడు గంజాయి. కాలిఫోర్నియాలో 1996 నుంచి వైద్యానికి వాడుకోవచ్చు. 2002లో ఒకావిడ పెరట్లో ఆరు మొక్కలు పెంచుకుంది. కౌంటీ (మన జిల్లా లాంటిది) పోలీసులు చూసి, రాష్ట్ర చట్టం ప్రకారం తప్పేమీ లేదన్నారు. వెంట వచ్చిన ఫెడరల్, అంటే కేంద్ర, ఏజెంట్లు ఒప్పుకోలేదు. మూడు గంటలసేపు వాళ్లకీ వీళ్లకీ పంతం నడిచింది. చివరికి ఆరు మొక్కలూ పీకేశారు. ఆవిడ కూడా ఉన్న రైచ్ కేసులో 2005లో 6-3తో కేంద్రమే గెలిచింది. ఆధారం మళ్లీ మా ఫిల్బర్న్ గోధుమలే. సుప్రీంకోర్టు జడ్జి స్కేలియా కూడా కేంద్రం వైపే తేల్చాడు, నాకు అదే మింగుడుపడదు. శాన్ ఆంటోనియోలో స్కూలుకి తుపాకీ తెచ్చిన కుర్రాడి కేసులో, 1995లో, స్కూల్లో తుపాకీకీ వాణిజ్యానికీ సంబంధం లేదని ఆ కేంద్ర చట్టాన్ని 5-4తో కొట్టేసినవాళ్లలో ఆయనా ఉన్నాడు మరి.

డెన్వర్‌వాసి:
బాబాయ్, మరి షాపు ఎందుకు నడవనిస్తున్నారు?

డేటన్ బాబాయి:
అక్కడ రాష్ట్రాలకి ఇంకో తీర్పు అండగా ఉంది. తుపాకీ కొనేవాడి పూర్వాపరాలు మీరే తనిఖీ చెయ్యండని కేంద్రం ఊరూరి షెరీఫులకి (స్థానిక పోలీసు అధికారులకి) పని అప్పగిస్తే, ఇద్దరు షెరీఫులు కోర్టుకెక్కారు. 1997లో ప్రింజ్ కేసులో కోర్టు వాళ్ల మాట నెగ్గించింది. కేంద్రం తన చట్టాన్ని తన మనుషులతో అమలు చేసుకోవచ్చు, రాష్ట్ర ఉద్యోగుల్ని పనిలోకి లాగకూడదు. కాబట్టి కొలరాడో పోలీసులు ఆ షాపు జోలికి పోనక్కర్లేదు. వీధికొక షాపు మూయించడానికి ఫెడరల్ ఏజెంట్లు చాలరు.

కానీ సిటిజన్‌షిప్ ఇచ్చేది కేంద్రం. అక్కడ కొలరాడో లైసెన్సు చెల్లదు. రాష్ట్రం ఒప్పుకున్నా సరే, గంజాయి వ్యాపారంలో పని చేస్తే ‘సత్ప్రవర్తన’ లెక్కలో దెబ్బ పడొచ్చని 2019లో ఇమిగ్రేషన్ వాళ్లు రాసిపెట్టారు కూడా. మీ లాయరు ఊరికే కసరలేదు.

న్యూజెర్సీ అక్క:
బాబాయి గారూ, మా పందాల కేసు మర్చిపోయారు. క్రీడల మీద పందాలకి రాష్ట్రాలు అనుమతివ్వకూడదన్న కేంద్ర చట్టాన్ని 2018లో కొట్టేశారు. అందులోనూ ఇదే సూత్రం, మీ చట్టసభ ఇది చెయ్యకూడదని కేంద్రం రాష్ట్రానికి హుకుం జారీ చెయ్యలేదని. మా ఆయన సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) నాడు పోగొట్టుకునే ఇరవై డాలర్లు ఆ తీర్పు పుణ్యమే.

డెన్వర్‌వాసి:
ఓనరుకి వద్దని చెప్పేశా. ‘ఎక్సెల్ షీటే కదా’ అన్నాడు. కోళ్లకేసిన గోధుమల సంగతి చెప్పా. నన్నో పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

డేటన్ బాబాయి:
మంచి పని చేశావు. సిటిజన్‌షిప్ పరీక్షలో ‘రాష్ట్రాల అధికారం ఒకటి చెప్పండి’ అనే ప్రశ్న ఉంటుంది. స్కూళ్లో, డ్రైవింగ్ లైసెన్సులో అని చెప్పి ఊరుకో. నీ వీధి చివర షాపుని ఉదాహరణగా ఎత్తకు!