24 అడుగుల బోటు, హల్ అంతా ఆక్సిడేషన్: రేటు ఎంత చెప్పాలి?

డల్లాస్_డీటెయిలర్:
కార్ల డీటెయిలింగ్ (కడిగి, పాలిష్ చేసి మెరిపించే పని) చేస్తుంటాను, బోటు పని కొత్త. లేక్ లూయిస్‌విల్ దగ్గర ట్రెయిలర్ మీదున్న 24 అడుగుల బౌరైడర్ (ముందు భాగంలోనూ సీట్లుండే బోటు) చూశాను. తెల్ల జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ మీది రంగు పొర) ఆక్సిడేషన్‌తో పూర్తిగా పాలిపోయింది, చేత్తో రాస్తే తెల్లపొడి అంటుతోంది. తడిపితే మెరుస్తుంది, ఆరితే మళ్లీ అంతే. హల్ (బోటు బాడీ) పక్కలు, వెనక ట్రాన్సమ్ (అడ్డగోడ) వరకే పని. బోటు పొడవు లెక్కన అడుగుకి 25 డాలర్ల చొప్పున 600 చెబుదామనుకుంటున్నా. గిట్టుబాటు అవుతుందా?

జెల్‌కోట్_పని:
అవదు బ్రదర్. అడుగు రేటు కస్టమర్‌కి చెప్పడానికే. మనం మాత్రం గంటల్లో లెక్కేసుకోవాలి. ముందు బాగా దెబ్బతిన్న చోట 2×2 అడుగులు టేప్ వేసి, రోటరీ (తిరిగే పాలిష్ మెషిన్)కి వూల్ (ఉన్ని) ప్యాడ్ పెట్టి కాంపౌండ్ చేసి, అంటే గరుకు పేస్ట్‌తో పాడైన పై పొర అరగదీసి, టైం చూడండి.

ఉదాహరణకి ఆ 2×2 ముక్కకి 12 నిమిషాలు పట్టిందనుకోండి. చుట్టుకొలత రెండు పక్కలూ 48, ట్రాన్సమ్ 8, మొత్తం 56 అడుగులు; ఎత్తు సగటున 3 అడుగులనుకుంటే 168 చదరపు అడుగులు, అంటే 42 ముక్కలు. కాంపౌండ్‌కే దాదాపు ఎనిమిదిన్నర గంటలు. ఫోమ్ ప్యాడ్‌తో పాలిష్ ముక్కకి 5 నిమిషాలు, అదో మూడున్నర. కడగడం, టేపింగ్‌కి 2, సీలెంట్ (చివర్లో వేసే రక్షణ పూత)కి గంటన్నర. మొత్తం పదిహేనున్నర గంటలు. గంటకి 60 డాలర్లయితే 930, ప్యాడ్లూ కాంపౌండూ ఓ 90. వెరసి 1,020, అంటే అడుగుకి 42 పైనే. మీరు చెప్పే 600లో సరుకు పోగా గంటకి 33 మిగులుతుంది. అందులోంచే ఇన్సూరెన్స్, పెట్రోలు కూడా.

ఇంకోటి, ఈ 42ని పెద్ద బోటుకి అలాగే వాడకండి. పొడవు పెరిగితే ఎత్తూ వెడల్పూ కూడా పెరుగుతాయి. 34 అడుగుల క్రూయిజర్‌కి నిచ్చెనో స్టేజింగో (నిలబడి పనిచేసే పలకలు) కావాలి, చేయి ఎత్తి మెషిన్ పట్టుకోవాలి, టైం అక్కడే పోతుంది.

తీరం_వాసి:
కార్ల నుంచి వచ్చారు కాబట్టి రెండు జాగ్రత్తలు. కారు క్లియర్‌కోట్ (పెయింట్ మీది పారదర్శక పొర) 50 మైక్రాన్ల దగ్గర ఉంటే జెల్‌కోట్ అర మిల్లీమీటరు దాకా ఉంటుంది. అందుకే గట్టి కట్ (అరగదీత) తట్టుకుంటుంది. కానీ మూలలు, అంచుల దగ్గర పలచగా ఉంటుంది, రోటరీ అక్కడ ఆగిందంటే ఫైబర్ బయటపడుతుంది. పొర మందం కొలవడానికి కార్లకి వాడే మాగ్నెటిక్ గేజ్ ఫైబర్‌గ్లాస్ మీద పనిచేయదు, అల్ట్రాసోనిక్‌ది కావాలి.

రెండోది, వూల్ ప్యాడ్ తెల్లపొడితో త్వరగా నిండిపోతుంది. ప్రతి రెండు మూడు ముక్కలకీ స్పర్ (ప్యాడ్ దులిపే పళ్ల చక్రం)తో దులపకపోతే కట్ ఆగిపోయి వేడి మాత్రమే మిగులుతుంది. కాంపౌండ్‌కి లొంగకపోతే 1000, 1500, 2000 గ్రిట్ శాండ్‌పేపర్లతో తడి శాండింగ్ చేయాలి. దానికి వేరే రేటు, ముందే రాతపూర్వకంగా.

డల్లాస్_డీటెయిలర్:
థాంక్సండీ ఇద్దరికీ. వేరే ఒకతను అడుగుకి 15కే చేస్తానన్నాడట, కస్టమర్ అదే చెబుతున్నారు. తగ్గించాలా?

జెల్‌కోట్_పని:
రేటు తగ్గించకండి, పని తగ్గించండి. ఆ ధరకి వచ్చేది ఎక్కువగా ఒక్క స్టెప్ క్లీనర్ వ్యాక్స్. దాన్లోని నూనెలు పాలిపోయిన పొరని తడిపినట్టే మెరిపిస్తాయి, కొన్ని వారాలు ఎండ తగిలితే మళ్లీ తెలుపే. మీ టెస్ట్ ముక్కని వ్యాక్స్ లేకుండా, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆయనకి చూపించండి. నిజంగా కట్ అయిన మెరుపు తుడిచినా పోదు.

కొటేషన్‌లో చేరనివి కూడా రాయండి: వాటర్‌లైన్ మరకలు (యాసిడ్ క్లీనర్ పని), స్టీలు పాలిష్, పాత స్టిక్కర్లు. స్టిక్కర్ తీసిన చోట రంగు తేడా మిగులుతుంది, పూర్తిగా కలవదని ముందే చెప్పాలి. అడుగున రాగి కలిపిన యాంటీఫౌలింగ్ (నాచు లాంటివి పట్టకుండా వేసే) పెయింట్ ఉంటే మెషిన్ తాకించొద్దు, టేప్ వేసేయండి.

తీరం_వాసి:
ఎప్పుడైనా డెక్ కూడా అడిగితే, జారకుండా ఉండే గరుకు భాగానికి వ్యాక్స్ వేయకండి. తడికాలుతో జారి పడతారు.