పిట్టల ముక్కు పెరిగి మళ్ళీ తగ్గితే కొత్త జాతి ఎలా వస్తుంది?

నమస్తే అండీ, మాది పర్లాకిమిడి. ఇంటి దగ్గర పదో తరగతి పిల్లలకి సైన్స్ ట్యూషన్ చెప్తాను, ఒక అమ్మాయి అడిగిన డౌట్ దగ్గర ఆగిపోయాను, తెలిసినవాళ్ళు కాస్త సాయం చేయండి.

పసిఫిక్ సముద్రంలోని గలాపగోస్ దీవుల్లో డాఫ్నే మేజర్ అనే చిన్న దీవి మీద గ్రాంట్ దంపతులనే శాస్త్రవేత్తలు 1973 నుంచి ఫించ్ పిట్టల ముక్కులు కొలిచారు కదా. 1977లో వానల్లేక చిన్న గింజలు అయిపోయి, ఎక్కువగా పల్లేరు జాతి గట్టి కాయలే మిగిలాయి (మన గట్ల మీద చెప్పుల్లో దిగబడే పల్లేరుకి దగ్గరి చుట్టమే). వాటిని పగలగొట్టగలిగిన లావు ముక్కు పిట్టలే ఎక్కువ బతికాయి, పిల్లలకీ అదే ముక్కు వచ్చింది. ఏ పిట్టా కావాలని ముక్కు పెంచుకోలేదు, ముందే ఉన్న తేడాల్లోంచి కరువు ఏరుకుంది, అంతే. ఓ పల్లేరు కాయ తెచ్చి చూపించాను కూడా, కనుబొమలు పీకే చిన్న పట్టకారు జారిపోయింది, కటింగ్ ప్లయర్ పటుక్కున విరగ్గొట్టేసింది.

కానీ 1983లో ఎల్ నినో (పసిఫిక్ సముద్రం నీళ్ళు వేడెక్కడం) తెచ్చిన వానలకి చిన్న గింజలు విపరీతంగా కాసి, ఆ తర్వాత చిన్న ముక్కులకే కలిసొచ్చింది. "ఇలా అటూ ఇటూ ఊగుతుంటే అన్ని ఫించ్ జాతులు ఎలా అయ్యాయి సార్?" అంది.

వేరే దీవిలో తిండి వేరు, పాట వేరు, అందుకని తర్వాత కలిసినా జతకట్టవు అని చెబుదామనుకుంటున్నా. ఇది సరిపోతుందా? లక్షల ఏళ్ళు పట్టిందంటే మాత్రం ఆ పిల్ల ఒప్పుకోదు. ఇక్కడ తెలుగు పుస్తకాలు దొరకడం కష్టం, తేలిక తెలుగులో వీడియో ఏదైనా ఉంటే చెప్పండి, ఆదివారం క్లాసు ఉంది.