అప్‌డేట్: తాతగారి ‘భారతి’ సంచిక ఏ సంవత్సరానిదో తేలింది

మా తాతగారి పెట్టెలో అట్ట ఊడిపోయిన ‘భారతి’ మాసపత్రిక ప్రతి ఒకటి దొరికిందనీ, దానిపై ‘ప్రభవ, మార్గశిరము’ అని తప్ప ఇంగ్లీషు తేదీ కనబడడం లేదనీ, అది ఏ కాలానిదో చెప్పమనీ ఇక్కడ అడిగాను.

ప్రభవ అరవై ఏళ్లకోసారి తిరిగివస్తుంది కాబట్టి అది 1927-28 కావచ్చు, 1987-88 కావచ్చు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో మద్రాసులో ప్రారంభించిన ఈ పత్రిక 1991 దాకా నడిచింది గనుక రెండింటికీ అవకాశం ఉంది. అరవై ఏళ్ల చక్రం కూడా తికమకపెట్టేంత ఆయుష్షు మన సాహిత్య పత్రికల్లో ఎన్నింటికి దక్కింది? మీలో ఒకరు సూచించినట్టు ప్రకటనల పేజీలు చూశాను. ఒక పుస్తకం వెల ‘ఎనిమిది అణాలు’ అని ఉంది. అణాల స్థానంలో నయాపైసలు వచ్చింది 1957లో కాబట్టి, ఇది 1927 చివరి నెలల సంచికే.

గ్రంథాలయంలో బైండు చేసి ఉంచిన సంపుటంతో పేజీలు పోల్చుకున్నాను, సరిపోయాయి. మా ప్రతిలో ఒక శాసన వ్యాసం అంచున తాతగారు పెన్సిలుతో ‘ఈ పాఠము సరికాదు’ అని రాసుకున్నారు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి చరిత్రకారులు రాసిన పత్రికను మారుమూల పల్లెలోని పాఠకుడు అంత పట్టుదలగా చదివాడంటే నాకు ముచ్చటేసింది. ప్రతిని స్కాన్ చేయించి, అసలును ఆ గ్రంథాలయానికే ఇస్తున్నాను.