'టేక్'కు ఫ్రెంచ్‌లో ఇన్ని మాటలా? గుర్తుండే దారి చెప్పండి

నల్లగొండ నుంచి:
ఫ్రెంచ్ భాషలో రెండో మెట్టు పరీక్ష డెల్ఫ్ ఏ2కు చదువుతున్నాను. ఇంగ్లీషు టేక్ దగ్గరే ఆగిపోతున్నాను. డిక్షనరీలో మొదట 'ప్రాంద్ర్' అని ఉంది. బస్సెక్కినా, మందు వేసుకున్నా, ఫొటో తీసినా అదే సరిపోయింది. ఆ ధైర్యంతో "తమ్ముణ్ని దవాఖానకు తీసుకెళ్లాను" అన్నదానికీ అదే రాశాను. ట్యూషన్ మేడం కొట్టేసి 'ఆఁమ్‌నే' అని దిద్దారు. మర్నాడు "పచ్చడి సీసా హాస్టల్‌కు తీసుకెళ్లాను" అన్నదానికి ఆఁమ్‌నే రాస్తే అదీ కొట్టేసి 'ఆంపోర్తే' అన్నారు. మూడు వారాల్లో పరీక్ష. చాలా టెన్షన్‌గా ఉంది.

పాలమూరు నుంచి:
దిగులు పడకండి, ఈ తేడా మన ఇళ్లలోనే ఉంది. బడికి పోయేటప్పుడు మా నాయనమ్మ "చెల్లెను తోల్కపో, సద్ది పట్కపో" అనేది. "చెల్లెను పట్కపో" అని ఎన్నడూ అనలేదు. ఫ్రెంచ్‌ వాళ్లదీ అదే లెక్క. 'మెనే' అంటే వెంటబెట్టుకుని నడిపించడం, 'పోర్తే' అంటే మోయడం. ముందు 'ఆఁ' చేరితే ఇక్కడి నుంచి అటు: ఆఁమ్‌నే తోల్కపోవడం, ఆంపోర్తే పట్కపోవడం. 'అ' చేరితే ఇటు: అమ్‌నే తోల్కరావడం, అపోర్తే పట్కరావడం. ఆఁమ్‌నేకూ అమ్‌నేకూ వినడానికి తేడా చాలా తక్కువ, మొదటిదాంట్లో అచ్చు ముక్కులోంచి పలకాలి. మామూలు మాటల్లో ఫ్రెంచ్‌ వాళ్లు కూడా వీటిని కలిపేస్తుంటారు. పరీక్షలో మాత్రం మీరు కలపకండి.

మిర్యాలగూడ నుంచి:
ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. పరీక్ష టేక్ చేయడానికి 'పాసే' వాడాలి. అది పాసవడం కాదు, మనం పరీక్ష రాశాం అంటామే, అంతే. నేను పాసయ్యానన్న సంతోషంలో ఒకావిడకు పాసే అని రాస్తే, "రిజల్ట్ ఎప్పుడు?" అని జవాబు వచ్చింది. పాసవడానికి 'రేయుసీర్' అనాలి.
రెండోది టైము. హైదరాబాద్ చేరడానికి నాకు రెండు గంటలు పట్టింది అనాలంటే 'మెత్ర్' వాడతారు. మెత్ర్ అంటే పెట్టడం. మనకు గంటలు పడతాయి, వాళ్లు గంటలు పెడతారు.

నల్లగొండ నుంచి:
రాత్రి అమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆమెకు ఫ్రెంచ్ రాదు. నేను తెలుగులో వాక్యం చదివితే "తోల్కపోయేది", "పట్కపోయేది" అని తేల్చి చెప్పింది. ఇరవై వాక్యాల్లో ఒక్కటీ తప్పలేదు! పసిపాప దగ్గర మాత్రం ఆగాం. పాపను ఎత్తుకపోతాం కదా, అది మోయడమేనా?

పాలమూరు నుంచి:
చంకన మోసినా పాపకు ఆఁమ్‌నేనే. బర్రెకూ, కుక్కకూ అంతే. ప్రాణమున్నదా లేదా అన్నది చూసుకోండి. అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.