సమస్య: జంబొ చీమ ముందు చాల చిన్న

నిర్వాహకుడు (విజయవాడ): నిన్న సాయంత్రం బీసెంట్ రోడ్డులో నడుస్తుంటే మూడు బోర్డుల మీద జంబో. జంబో దోశ, జంబో ఆఫర్, జంబో సైజు నైటీలు. ఇంతగా ఊరేగుతున్న ఈ మాట ఒక ఏనుగు పేరు. లండన్ జూలో పిల్లల్ని వీపున ఎక్కించుకుని తిప్పేది. 1882లో బార్నమ్ అనే సర్కసాయన కొని అమెరికా పట్టుకుపోయాడు. 1885లో కెనడాలో రైలు గుద్ది చచ్చిపోయింది, పాపం. పేరు మాత్రం ఇంకా బతికే ఉంది. ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడూ మీరు పూరించండి. "బొ" హ్రస్వమే, అచ్చుతప్పు కాదు.

జంబొ చీమ ముందు చాల చిన్న.

మిర్చియార్డు గుమస్తా (గుంటూరు): గురువుగారూ, నా ప్రయత్నం.

తనదు బరువుకన్న దండిగా మోయును
చీమ; యేనుగునకుఁ జేతగాదు;
బలము కొలుచునపుడు భారమ్మె కొలతైన
జంబొ చీమ ముందు చాల చిన్న.

బ్రాడీపేట పంతులు: యతులు శుభ్రంగా పడ్డాయి. త-ద, చీ-జే, బ-భా, ఎక్కడా వంక లేదు. పేచీ అర్థం దగ్గర. మూడు పాదాలు బలం గురించి చెప్పి, నాలుగో పాదంలో "చిన్న" అంటే అతకదు నాయనా. చిన్న అన్నది ఆకారం మాట. బలానికైతే "తక్కువ" అంటాం. ఇంగ్లీషు వాళ్లకీ ఈ తేడా ఉంది. పన్నెండు అసాధ్యమైన పనులు చేసిన హెర్క్యులిస్ పేరుతో వచ్చిన హెర్క్యులియన్ బలానికీ, కష్టానికీ వాడతారు. మన పేపర్ల వాళ్లు దాన్నే భగీరథ ప్రయత్నం అని రాస్తారు. కొలోసల్ అలా కాదు. అది రోడ్స్ దీవిలో నిలబెట్టిన కంచు విగ్రహం నుంచి వచ్చింది, కొలత ఆకారానిదే. హెర్క్యులియన్ భవనం అనీ, కొలోసల్ కండలు అనీ కలగలిపి రాసే పిల్లల పేపర్లు దిద్ది దిద్ది నా కళ్లజోడు నెంబరు పెరిగింది.

మిర్చియార్డు గుమస్తా: ఒప్పుకోను పంతులుగారూ. మా యార్డులో 40 కేజీలు దాటిన టిక్కీని, అంటే మిర్చి బస్తాని, ఒక్క ఊపులో వీపు మీదికి తీసుకునే హమాలీ, పక్కకి తిరిగితే కనపడడు, అంత సన్నం. మెడ మీద తువ్వాలు మడత, ఘాటుకి ఎర్రబడ్డ కళ్లు, అంతే మనిషి. పక్కనే కుర్చీ నిండా కూర్చున్న మా సేటు ఆ క్షణంలో నిజంగానే చిన్నగా కనపడతాడు. చిన్నబోవడం అని మనకో మాట ఉంది కదండీ?

బ్రాడీపేట పంతులు: చిన్నబోవడం మంచి పట్టు. వెనక్కి తీసుకుంటున్నాను. సగం.

క్రికెట్ పిచ్చోడు (పటమట): జంబో అంటే మా కుంబ్లే కాదా? 1999 ఢిల్లీ, పాకిస్తాన్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 10 వికెట్లు. పద్యం మొదలుపెట్టా గానీ చీమను గ్రౌండులోకి ఎలా తేవాలో తెలియక డిక్లేర్ చేశా.

కృష్ణలంక అమ్మాయి: మొదటిసారి రాస్తున్నాను, తిట్టకండి.

జంబో పొట్లమంచు సంచిలో వేసితి
చింపి చూడ నడుగుఁ జేరె సరుకు
వాసనకును వచ్చి వరుసలో నిలుచున్న
జంబొ చీమ ముందు చాల చిన్న.

నిర్వాహకుడు: తిట్టేదేం లేదమ్మా, రెండో పాదం చదివి గట్టిగా నవ్వాను. చిప్సు పొట్లం బతుకంతా ఆ ఒక్క పాదంలో ఉంది. రెండు దిద్దుబాట్లు. "జంబో" అని దీర్ఘం ఇస్తే రెండు గురువులై మొదటి సూర్యగణం చెడింది. అందుకే పైన హ్రస్వం గురించి మొత్తుకున్నది. రెండోది, "నిలుచున్న" వెంటనే "జంబొ" రావడంతో వరుసలో నిలుచున్నది ఏనుగైపోయింది! మూడో పాదం "వాసనకును వచ్చె వరుసగాఁ జీమలు" అంటే ఆ చిక్కు పోతుంది.

కృష్ణలంక అమ్మాయి: అమ్మో, ఏనుగుని చూసుకోలేదు. థాంక్యూ సార్. ఒక డౌటు. జగర్‌నాట్ అనే మాట మన జగన్నాథుడిదేనా?

బ్రాడీపేట పంతులు: ఆయనదేనమ్మా. పూరీ రథాన్ని చూసి బెదిరిన తెల్లవాళ్ల రాతల్లోంచి పుట్టింది. అడ్డొచ్చినదాన్ని తొక్కుకుంటూ పోయే శక్తి అని అర్థం చెప్పుకున్నారు. తాడు పట్టుకుని లాగేవాళ్ల భక్తి మాత్రం ఆ మాటలోకి రాలేదు. ఇంకోటి. ఆ రోడ్స్ విగ్రహం ఎత్తు సుమారు 33 మీటర్లు, అంటే 108 అడుగులు. మీ బెజవాడ స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ విగ్రహం పీఠం కాకుండానే 125 అడుగులు. కొలోసల్‌కి మూలమైనదే మన దాని పక్కన పొట్టి.

బ్యారేజీ వాకర్ (విజయవాడ): పొద్దున్న ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి రాసింది.

పక్క గోడమీదఁ బాకుచుండెను చీమ;
మింట నొక విమాన మేగుచుండె;
కన్ను కొలిచి చెప్పెఁ, గాదన వశమౌనె?
జంబొ చీమ ముందు చాల చిన్న.

నిర్వాహకుడు: భేష్! సమస్యలోని అసంబద్ధతని ఒక్క చూపుతో విప్పేశారు. పంతులుగారికి "చిన్న" మీద పేచీ కూడా ఉండదిక.

బ్రాడీపేట పంతులు: ఆ పేచీ లేదు, ఇంకోటుంది. జంబో జెట్ అంటే బోయింగ్ 747 విమానం. ఆఖరిది 2023 జనవరిలో అప్పగించి ఆపేశారు. అంత ఎత్తున పోయేది 747 అని తమకెలా తెలిసింది?

బ్యారేజీ వాకర్: వెనకాల నాలుగు తెల్ల చారలున్నాయండీ. నాలుగు ఇంజన్లు.

బ్రాడీపేట పంతులు: ఎయిర్‌బస్ ఏ380 విమానానికీ నాలుగే.

బ్యారేజీ వాకర్: అది ఇంకా పెద్దదే కదండీ. చీమకేం ఇబ్బంది లేదు.